నాలుగు బై ఏడు

బ్రాడీపేటలో వీధులకి అంకెలే.
నాలుగు బై ఏడంటే
నాలుగో లైను, ఏడో అడ్డరోడ్డు.
ఎవరి తాత పేరూ గుర్తుంచుకోనక్కర్లేదు.
అందుకే అద్దె ఎక్కువైనా
గుంటూరులో ఇంకో పేటకి మారలేదు నేను.

సాయంత్రం ఆరుంబావుకి తాళం వేస్తాం.
ముందు ఆసాపు,
వెనక నా చున్నీ కొస పట్టుకుని కెజియా.
మలుపు మలుపునా రాయిని తాకాలి వాడు.
ఒకటి తప్పిందా, వెనక్కి.
తొందరపెట్టను.
మెట్లు లెక్కపెట్టకుండా ఎక్కడం
ముప్పై ఆరేళ్లొచ్చినా నాకు చేతకాలేదు.

"కళ్లలోకి చూసి చెప్పు" అని
బడిలో నా చెవి మెలేసేవాళ్లు.
కళ్లు మండుతాయి, బొట్టు మండదు.
బొట్టుని చూసి మాట్లాడటం నేర్చుకున్నాను.
చర్చికెళ్తేనే చిక్కు,
అక్కడ నుదుళ్లన్నీ ఖాళీ.
పాస్టరమ్మగారు పిల్లల నెత్తిన నూనె రాసి
ప్రార్థన చేస్తుంటే
ఆసాపు గట్టిగా తుడిచేసుకున్నాడు.
నాకు రాసింది నేనూ తుడుచుకున్నాను, కాస్త మెల్లిగా.

కొత్తపేట డాక్టరు అడుగుతూ పోయాడు,
పిలిస్తే పలుకుతాడా,
చొక్కా వెనక గుడ్డముక్క గుచ్చుకుంటుందంటాడా,
రోజూ ఒకే కంచమా.
కత్తిరించేశాను సార్, అన్నాను.
వాడిదా?
నావి.
పెన్ను కింద పెట్టి
అప్పుడు మొదటిసారి నా వైపు తిరిగాడు.
నేను ఫ్యాను చూస్తున్నాను,
మూడు రెక్కల్లో ఒకటి వంగి ఉంది.

మా అమ్మ మాత్రం ఒకటే మాట,
"నిన్ను పెంచలేక చచ్చాను,
ఇప్పుడు ఇద్దరా!"

ఇద్దరూ ఒకటి కాదమ్మా.
వాడికి మోత కావాలి, నాకు మోత వద్దు.
కెజియాకి నా ఒళ్లు కావాలి,
చెయ్యి తగిలితే నాకు చర్మం ఊడినట్టుంటుంది.
చున్నీ కొస మా ఒప్పందం.
వాళ్ల నాన్న లారీ దిగి వచ్చిన రాత్రి
తలుపు మీద మూడంటే మూడు దెబ్బలు,
బెల్లు కొట్టడు.

మొన్న ఫిబ్రవరిలో,
యార్డు ఘాటు ఊరంతా దగ్గించే రోజుల్లో,
కోల్డ్ స్టోరేజీలో పొద్దుణ్ణుంచీ
టిక్కీల లెక్క రాసి ఇంటికొచ్చాను.
తేజ ఇన్ని, మూడు నలభై ఒకటి ఇన్ని.
కుక్కరు, పైన మోటారు,
నేల మీద స్టీలు పళ్లెం బొంగరంలా,
ఆగేముందు అది చేసే ఆ గిలగిల.
అరిచాను.
నా గొంతు నాకే తెలియనంతగా అరిచి
బాత్రూంలో దూరి, లైటు తీసేసి
బోర్లించిన బకెట్టు మీద కూర్చున్నాను.

తలుపు కిందనుంచి బస్సు టికెట్టొకటి వచ్చింది.
ఇంకోటి. ఇంకోటి.
కెజియా ఎవరినీ ముట్టుకోనివ్వని డబ్బాలోవి.
చీకట్లో అంకెలు కనపడక
తలుపు సందు వెలుగులో పట్టుకుని
చిన్నదాన్నుంచి పెద్దదానికి పేర్చి
తిరిగి బయటికి తోశాను.
కలిపేసి మళ్లీ పంపింది.
పదిహేడు టికెట్లు, నాలుగు సార్లు.
పళ్లెం తిరుగుతూనే ఉంది గానీ
చప్పుడు బొంత మీదికి మారింది.
ఎవరు పరిచారో అడగలేదు.

ఇవాళ నాలుగు బై పదకొండు దగ్గర
డ్రైనేజీకి రోడ్డు తవ్వేశారు.
తాకాల్సిన రాయి మట్టికుప్ప కింద ఎక్కడో.
ఆసాపు ఊగడం మొదలుపెట్టాడు.
చున్నీ మెడకి బిగుసుకుంది.
నా వేళ్లు వాటంతటవే
బొటనవేలిని లెక్కపెడుతున్నాయి.
ముగ్గురం అలాగే నిలబడ్డాం,
ఎవరైనా పెద్దవాళ్లొచ్చి
ఎటు పోవాలో చెబుతారని.

ఆ పెద్దదాన్ని నేనేనని
గుర్తొచ్చేసరికి కాస్త ఆలస్యమైంది.

"మళ్లీ ఇంటి దగ్గర్నుంచి," అన్నాను.
"ఈసారి ఐదో లైను."
తిరిగి వెళ్లాం. తాళం తీశాం.
తీసి మళ్లీ వేశాం,
అలా అయితేనే మొదలుపెట్టినట్టు.

ఐదు బై ఏడులో రాయుంది,
అంకె చెరిగిపోయింది.
ఆసాపు తాకాడు, నా మొహం చూడకుండానే
ఎదురుచూశాడు.
ఏడే, అన్నాను.

రేపు సుద్దముక్క తెచ్చుకోవాలి.