అర కేజీ లోపల

మా జేజినాయన విల్లు మీటి దూది ఏకినోడు.
ఆ మోతకు వీధి కుక్కలు లేచి కూచునేవంట.
నాకు విల్లు లేదు.
కుట్టుమిషను ఉంది, చేట ఉంది, ఫోను ఉంది.
ఆవాలు చెరిగి, ఎండబెట్టి, మల్లు గుడ్డలో పోసి
పసిబిడ్డల తల కిందికి దిండ్లు కుడతా.
తల గుండ్రంగా కుదురుకుంటాదని
మా అవ్వ చెప్పిన మాటనే
ఇప్పుడు ఊరూరికీ అమ్ముతాండా.

నాలుగు నూర్ల ఇరవై గ్రాముల ఆవాలు.
గుడ్డ, కవరు, చిరునామా చీటీ అన్నీ కలిపి
అర కేజీ దాటకూడదు.
కాటా మీద అంకె గీత దాటిందంటే
దాంతో పాటే నా కూలీ దాటిపోతాది.

ఆదోనికి ఆరు మైళ్లు మా ఊరు.
ఉరుకుందప్ప వాళ్ల పంచలోనే పోస్టాఫీసు:
ఒక బల్ల, ఒక కాటా, ముద్దర్ల డబ్బా,
సిగ్నలు కోసం మిద్దెకు ఆనించిన నిచ్చెన.
సోమవారం రశీదు చేతికిస్తా అన్నాడు,
"పన్నెండో తారీకు నుంచి సమ్మె ఉండొచ్చు మాబున్నీ.
ఉండకనూ పోవచ్చు."

ఉండొచ్చు. ఉండకనూ పోవచ్చు.
ఈ రెండు మాటల సందున
మా మంచం కింద ఇరవైమూడు దిండ్లు.

ఆదోని స్టేషన్ రోడ్డులో కొరియర్ పిల్లోడు
పిన్‌కోడ్లు కొట్టి చూసి తల అడ్డం ఊపినాడు.
వాళ్ల బండి పోయే ఊర్లకు చెప్పిన రేటుకు
ఇంకో దిండు కుట్టొచ్చు.

పార్వతీపురం పక్క కొండ మీద ఊరు, ఒకామె:
"అక్కా, తొమ్మిదో నెల. ఎప్పుడొస్తాది?"
కామారెడ్డి ఆయనకు కవలలంట,
రెండూ ఒకే రంగు వద్దంట.
ఎమ్మిగనూరులో చెనిక్కాయల పొడి అమ్మే సుంకులమ్మ
ఫోన్లో ఏడుపు ఆపి అడిగింది:
"నీకేమిలే, నీది చెడిపోయే సరుకా?"

దిండు చెడదు సుంకులూ.
బిడ్డ పెరుగుతాది.
మూడు నెల్లు దాటి బోర్లా పడినాక
ఆ దిండు ఎవరికి, పిల్లికా?

ఆ రాత్రి నా అంగడి పేజీలో రాసి పెట్టినా:
"సమ్మె రావొచ్చు. కానుపు తారీకు ముందే చెప్పండి."
తెల్లారేసరికి ఒకాయప్ప జవాబు:
"అది మా చేతిలో ఉందా తల్లీ?"

కోపంతోనే పోయినా ఉరుకుందప్ప ఇంటికి.
"మీకు నెల జీతమొస్తాది, మాకెవరిస్తారు?"
గడప దాకా నోట్లో పెట్టుకోనే పోయినా ఆ మాట.
ఆయప్ప మోపెడ్డు పక్కకు వాల్చి చైను బిగిస్తాండాడు.
"ఇరవై రెండేండ్లమ్మా. కాగితం మీద నాలుగు గంటల పని.
నాలుగు గంటల్లో మూడు ఊర్లు తిరిగొచ్చేటోన్ని చూపీ,
వాని కాళ్లు మొక్కుతా."
చేతుల నిండా మడ్డి.
తెచ్చిన మాట మింగి
నీళ్లడిగి తాగి వచ్చేసినా.

పదకొండు, మాపటేల.
గోనెసంచి నెత్తిన పెట్టుకోని పోతే
"అన్నీ దింపు" అన్నాడు.
ఒక్కోటి కాటా మీద పెట్టి,
ఒక్కోదానికి నిచ్చెనెక్కి, అంకెలు కొట్టి, దిగి,
వాళ్లింటామె లైటు పట్టుకోని నిలబడితే, ఎనిమిది దాకా.
పదిహేడోది ఐదు నూర్ల నాలుగు చూపించింది.
ఆయప్ప నన్ను చూసినాడు. కాటాను చూసినాడు.
నోరు తెరవలేదు గానీ నాకు ఇనపడింది:
రేపు న్యాయం అడగబోయేటోన్ని,
ఈ పొద్దు తప్పు రాయమంటావా?

అరుగు మీదే కుట్టు విప్పి
పిడికెడులో పిడికెడు ఆవాలు కొంగున పోసుకోని
మళ్లీ కుట్టినా.
పార్వతీపురం దిండు అది.

పన్నెండు, పొద్దున.
సంచులు తీసకపోయే బండి వచ్చిందో లేదో
ఎవరూ చెప్పలా.
ఆయప్ప ఫోను ఎత్తలా.
కొంగు ముడి విప్పి
ఆ ఆవాలే బాణలిలో ఏసినా, ఉగ్గానికి.
చిటపటమని ఎగిరి
రెండు గింజలు పొయ్యి దాటి పడినాయి.
ఏరలేదు.