నాలుగున్నర వోల్టులు

బట్టల బజార్ వెనుక సందులో
యాకూబ్ పాషా రేడియో దుకాణం.
బిస్కెట్ల డబ్బా నిండా ట్రాన్సిస్టర్లు,
వార్తలు చదివి చదివి ఆగిపోయిన రేడియోల
గొంతులోంచి ఊడదీసినవి.
"జెర్మేనియం బిడ్డా, ఇప్పుడెవలడుగుతరు?
సగం కారుతయ్. ఏరుకో."

ఏరుకున్న.
మీటరుకు తగిలిస్తే
ముల్లు లేస్తది గని నిలవడదు,
పొద్దుగూకినాక గోడమీది బల్లి తీరు
మెల్లగ పాకుతనే ఉంటది.
పాషా తన చూపుడువేలు దాని నెత్తిన పెట్టిండు.
ముల్లు ఇంకింత ఎక్కింది.
"చూసినవా? మనిషి వేడికే ఆగుతలేదు.
ఇసొంటిదాన్ని నమ్మి పాటకు పెడ్తవా?"

పెట్టమన్నది నేను కాదు, శౌరి.
కాజీపేట షెడ్డుల ఫిట్టరు,
ఆదివారం ఫాతిమానగర్ గుడిల గిటారు.
"నాకు సాపు సప్పుడు వద్దన్నా.
గూడ్సు బండికి బ్రేకు పడ్డప్పుడు
చక్రం మొత్తుకుంటది చూడు,
ఆ మొత్తుకునుట్ల సన్నగ ఒక రాగముంటది.
అది కావాలె."

మొదటి దానికి డెబ్బై బలం, రెండోదానికి నూట ఇరవై.
పొగాకు రంగు రెసిస్టర్లు, వాటి నడుముకు గీతలు.
సీసం కరిగి మెరిసి మసకబారే ఆ ఒక్క క్షణం
ఊపిరి బిగబట్టాలె.
రెండోదాని ముంగట
ఎనిమిదివేల రెండువందల ఓములుండాలని
కాగితం చెప్తది.
కాగితానికి ఓరుగల్లు తెల్వది.
మరను వెంట్రుకంత తిప్పి, చూసి,
మళ్ల వెనక్కి తిప్పి,
పుష్యమాసం రాత్రి, మఫ్లర్ కట్టుకొని,
తొమ్మిదిల సగం, నాలుగున్నర కాడ ఆపిన.

శౌరి మీటిండు.
పై రేకు గజ్జుమన్నది.
పక్కింటి భాగ్యమ్మ కుక్కరు పేలిందనుకొని
పొయ్యి బందు పెట్టిందట.
గిటారు చెవి జర్రంత దించితే
అదే సప్పుడు, మబ్బు విడిచినట్టు,
ఒక్కొక్క తీగె ఒక్కొక్క తీగెగ వినవడ్డది.
వాడు నవ్వలేదు. మళ్ల పెంచిండు.

ఇగ వైశాఖం.
రైల్వే గ్రౌండుల శౌరి మేనబావ పెండ్లి,
రాత్రి ఎనిమిదైనా నేల పెనం తీరే ఉన్నది.
డబ్బా దగ్గుతున్నది.
ఒక స్వరం పుట్టి, సగంల తెగి,
ఉమ్ముకున్నట్టు రాలిపోతున్నది.
మూత విప్పి చూస్తే ఆరు దాటింది.
వేలు పెట్టెటోడు లేకున్నా
ఊరు ఊరంతా దాని నెత్తిన వేలు పెట్టి కూసున్నది.

అవతల మొగిలి
గడ్డి మంటేసి డప్పు కాపుకుంటున్నడు.
బొటనవేలితోని కొట్టి విని,
మళ్ల మంటకు తిప్పి, మళ్ల విని.
నేను తువ్వాల తడిపి డబ్బాకు చుట్టి
రంజన్ మూతి మీద పెట్టి
ముల్లును చూసుకుంట కూసున్న.
మొగిలి చూసి అడిగిండు, "దానికేమైంది?"
"కాక తగిలింది."
"మాదానికి తగలకుంటే పల్కదు," అన్నడు,
ఎండుగడ్డి ఇంకో పిరికెడు ఏసుకుంట.

అయిదున్నర.
పెండ్లోళ్లు ఒకటే తొందర పెడుతున్నరు.
అయిదు.
మొగిలి కొట్టిండు, చర్మం కణకణమన్నది.
శౌరి నా దిక్కు చూసిండు.
ఇంకా లేదని చెయ్యి ఊపిన.
డప్పు ఒక్కటే నడిచింది కొంతసేపు,
దుమ్ము లేచింది,
వంటోళ్లు కూడ బైటికొచ్చిండ్రు.
అప్పుడు తువ్వాల తీసిన.

ఆ తర్వాత ఎట్ల మోగిందో చెప్పరాదు నాకు.
కట్ట మీద ఎవరో బ్రేకు ఏసిండ్రని
నలుగురు మెడలు తిప్పి పట్టాల దిక్కు చూసిండ్రు.
గంతే.

మూత లోపల పెన్సిలుతోని రాసి ఉంటది, చూడు:
పుష్యం, నాలుగున్నర, బాగున్నది.
దాని కింద:
వైశాఖం, రాత్రి తొమ్మిది, నాలుగు మీద ఎనిమిది.
సరిగ్గ లేదు.
మార్చొద్దు.