నూనెపొర మీద

టిడ్బిన్‌బిల్లా లోయలో ఫోన్లు మోగవు.
కాన్‌బెర్రా మాటలు ఇటు దొర్లకుండా
కొండలు అడ్డంగా కూచున్నాయి.
గేటు దగ్గర కంగారూలు గడ్డి కొరుకుతుంటాయి,
వాటికి మా గిన్నె నీడ అలవాటే.

గిన్నె అంటే, డెబ్బై మీటర్ల గిన్నె.
మూడు వేల టన్నుల ఇనుము
కాగితమంత నూనెపొర మీద తేలుతూ తిరుగుతుంది.
ఆ నూనె నా పని.
ఒత్తిడి చూడడం, వడగట్టడం, కారితే తుడవడం.
నా గోళ్ల సందుల్లో పదమూడేళ్లుగా అదే వాసన.

"ఎవరితో మాట్లాడుతుందే మీ గిన్నె?" అని
మార్కాపురం నుంచి దొడ్డమ్మ ఒకసారి అడిగింది.
చాలామందితో, ముఖ్యంగా శనితో, అన్నాను.
అవతల చాలాసేపు చప్పుడు లేదు.
"పోయి పోయి ఆయనతోనా?
శనివారం శనివారం కాస్త నూనె పొయ్యవే తల్లీ."

రోజూ పోస్తూనే ఉన్నాను దొడ్డమ్మా,
పీపాలకు పీపాలు.

ఏలినాటి శని ఏడున్నరేళ్లే.
మాకు పదమూడు, పైగా ఓవర్‌టైమ్.
ఉంగరాలు మొదటిసారి తెర మీదికి వచ్చిన రాత్రి
గ్లెనిస్ అల్లిక సూదులు పక్కన పెట్టేసింది.
మా ఊరి పలకని తడిగుడ్డతో తుడిచాక
మిగిలిపోయే సుద్ద చారల్లా ఉన్నాయవి,
ఎవరో ఏదో రాసి
పూర్తిగా చెరపడానికి మనసొప్పనట్టు.
దగ్గరికెళితే చారలు కావు, మంచుముక్కలు:
ఇల్లంతవి, ఇసుకంతవి,
జాతరలో జనంలా రాసుకుంటూ పోతున్నవి.

టైటాన్ మీద గ్యాసు వానలు, గ్యాసు వాగులు.
ఒక చిన్న యంత్రాన్ని గొడుగు కట్టి దించితే
గుండ్రాళ్ల మధ్య కూలబడి
గంటకు పైగా కబుర్లు చెప్పి
మాట మధ్యలో చల్లబడింది.

ఎన్సెలడస్ మరీ చిన్నది, సున్నం కొట్టిన గోడంత తెలుపు.
దాని అడుగు పగుళ్లలోంచి
ఉప్పునీళ్లు ఆవిరై చిమ్ముతుంటే
మా నౌక అందులోంచే దూరి పోయింది,
ముక్కుకి తగిలిందంతా లెక్కకట్టి పంపింది.
ఆ రోజు కాంటీన్లో సూపు ఉప్పు కషాయమైనా
ఎవరూ గొడవ చెయ్యలేదు.

అక్కడ నీళ్లున్నాయని తెలిసినందుకే
నౌకని చంపాలన్నారు.
ఇంధనం అడుగంటింది.
రేపెప్పుడో దిక్కు తప్పి ఆ నీళ్లలో పడితే
మన చేతి క్రిములేవో అంటుకుంటాయట.
ఎవరూ చేద వెయ్యని బావికి ఇంత మడి!

సెప్టెంబరు, శుక్రవారం రాత్రి.
వాటిల్ పూల పుప్పొడికి అందరం తుమ్ముతున్నాం.
గిన్నె పడమటికి వాలి ఉంది.
నాకు లోపల పనేం లేదు,
అయినా గ్లెనిస్ కుర్చీ వెనక నిలబడ్డాను
చేతిలో నూనెగుడ్డతో.
తెర మీద ఆకుపచ్చ ముల్లు, నిటారుగా.
పది కావస్తుండగా వణికింది.
పడింది.
మళ్లీ లేచింది ఒక్కసారి,
ఏదో మరిచిపోయి గుమ్మందాకా వెనక్కి వచ్చినట్టు.
ఆ తర్వాత ఉత్త గీత.

అప్పటికే అది కాలిపోయి గంటా ఇరవైమూడు నిమిషాలు.
మేం టీలో పంచదార కలుపుకునే వేళకే
ఆయన గాలిలో కలిసిపోయింది.
ఆలస్యంగా అందిన చావు కబురుకి
మైల ఎప్పటినుంచి లెక్క?
విన్న గడియ నుంచే, అంటుంది దొడ్డమ్మ.

ఎవరూ ఏడవలేదు.
లియో పుస్తకంలో సమయం రాశాడు,
కొట్టేసి, సెకన్లు సరిచేసి మళ్లీ రాశాడు.
గ్లెనిస్ సూదుల కోసం వెతికింది,
అవి తన ఒళ్లోనే ఉన్నాయి.

పావుగంటలో ఇంకో నౌక వంతు.
గిన్నె కదిలింది.
ఒత్తిడి చూశాను, సరిగానే ఉంది.

బయట, కొండ నెత్తి మీద, పసుప్పచ్చగా ఆయన.
అంత మింగి
మొహంలో మార్పేమీ లేదు.
శనివారానికి ఇంకా గంటన్నర ఉంది.

శని వదిలిందని ఎంత హాయిగా అంటాం మనం.
గ్లెనిస్‌కి ఆ మాట చెప్పబోయి,
ఎలా చెప్పాలో తెలియక,
నూనెగుడ్డ మడిచి జేబులో పెట్టుకున్నాను.