మూడు నలుపులు

రొయ్యల ఫ్యాక్టరీలో ఇరవై తొమ్మిదేళ్లు
బెల్టు పక్కన నిలబడి
పిసరంత గులాబీ ఎక్కువైనా ఏరి పారేసిన కళ్ళివి.
వీటిని మోసం చేయడం ప్రింటర్ వల్ల అయ్యే పని కాదని
స్నైవర్‌కి ముందే చెప్పాను.

వాడు పడవ సామాన్ల కొట్లో కంప్యూటర్లు కూడా అమ్ముతాడు.
పన్నెండు సిరాల మిషను చూపించాడు,
దాదాపు శవపేటికంత.
ఇది ఇంట్లో పెట్టాలంటే నేను మంచం అమ్ముకోవాలన్నాను.

అప్పటికి నా దగ్గరున్నది చర్చి పాటల కాగితాలు అచ్చేసుకునే పాతది.
దాంట్లో మంచు వేస్తే నాచు పట్టిన మంచొచ్చింది.
ఏదో మీట మారిస్తే
అదే మంచుకి సిగ్గు ముంచుకొచ్చింది.
పోనీ నల్ల సిరా ఒక్కటే వాడమంటే
కొండంతా ఆవాలు చల్లి పెట్టింది.

రెండు నెలలు నసిగి నసిగి తేల్చుకున్నది ఇంతే.
వంటింటి బల్ల మీద పట్టే మిషను.
అందులో మూడు నలుపులు:
ఒకటి బొగ్గు, ఒకటి బూడిద,
ఒకటి బూడిద కడిగిన నీళ్ళు.
గరుకు నూలు కాగితం ఒక్క పెట్టె, ఒకే సైజు.
నిగనిగలాడేది వద్దన్నాను.
దాంట్లో ఫొటో కన్నా నా కిటికీయే ఎక్కువ కనిపిస్తుంది.
సిరా ధర విన్నాక మాత్రం
కూర్చోడానికి కుర్చీ వెతుక్కున్నాను.

"వారానికొకటైనా అచ్చు వేస్తుండు, హల్‌బెరా,
లేకపోతే సిరా లోపలే గడ్డకట్టుకుపోతుంది."
ఆ సంగతి నాకా చెప్తున్నావు, అనబోయి ఊరుకున్నాను.
కంచె అవతల ఒడ్నీతో నేను మాట్లాడి
పదకొండేళ్లు.

మొదటి ప్రింటు: సెప్టెంబరులో కొండ దిగొస్తున్న గొర్రెలు,
వాటి వెనక ఒడ్నీ వాళ్ల కొట్టం.
బల్ల దీపం కింద అంతా పసుపు.
పచ్చకామెర్లు దీపానికో, కాగితానికో, నాకో తేలలేదు.
ఫ్రిజ్ తలుపు తీసి ఆ వెలుగులో పట్టుకుంటే నీలం.
పగటి వెలుతురులో చూడండి అని పెట్టె మీద రాసుంది.
పగలేదీ?
నవంబరు చివర కొండ వెనక్కి దిగిన సూర్యుడు
మా ఇసాఫ్యోర్దుర్ వీధుల్లోకి మళ్ళీ వచ్చేది జనవరి చివరికే.
వారానికొకటి లెక్కన ఎనిమిది ప్రింట్లు
ఫ్రిజ్ మీద అయస్కాంతాల కింద
తీర్పు కోసం కాచుక్కూర్చున్నాయి.

సూర్యుడొచ్చిన రోజు ఊరంతా
పల్చటి అట్లు పోసుకుని, చక్కెర చల్లి, చుట్టి, కాఫీతో తింటుంది.
నా వంటింటి గోడ మీద ఎండ నిలిచేది నాలుగు నిమిషాలు.
పెనం మీద అట్టు మాడుతోంది, మాడనీ.
ఒక్కొక్కటే ఎండలోకి పట్టాను.

మంచు మంచులా ఉంది.
ఉన్ని ఉన్నిలా ఉంది.
కొట్టం గుమ్మం ఒక్కటే,
తెర మీద ఎప్పుడు చూసినా నల్ల చదరం,
కాగితం మీద లోపలికి తెరుచుకుని ఉంది.
బొగ్గు వెనక బూడిద. దాని వెనక ఆ కడిగిన నీళ్ళు.
అందులో ఒక మోచెయ్యి.
స్వెటరు అంచు అల్లిక.
మోకాళ్ల మధ్య ఇరికించి పట్టుకున్న గొర్రెపిల్ల,
దాని చెవికి నా గాటు.

ఆ సాయంత్రం మందలో ఒకటి తక్కువొచ్చింది.
తెల్లారి చూస్తే నా గేటుకి కట్టేసి ఉంది.
ఎవరో పుణ్యాత్ములు అనుకుని
ఆ ఎవరో ఎవరని అడగనేలేదు నేను.

ఎండ వెళ్ళిపోయింది.
ఇంకో కాపీ వేశాను.
మూడో నలుపు నిండుకుంటోందని మిషను ఎర్రగా ఉరిమి చూసింది.
రెండు అట్టముక్కల మధ్య పెట్టుకుని, బూట్లు తొడుక్కుని
కంచె దాకా నడిచాను.

అన్నేళ్ల తర్వాత ఏం మాట్లాడాలో ఎవరు నేర్పుతారు?
"గరుకు కాగితం. వేలు పెట్టకు, మరక పడుతుంది" అన్నాను.

ఒడ్నీ కళ్ళజోడు పైకి జరుపుకుంది.
చాలాసేపు చూసింది.
చేతి తొడుగు తీసి
వేలు పెట్టింది,
సరిగ్గా ఆ గుమ్మం మీదే.