నీళ్ళు కదిలే వేళ

ప్రభువా, నాలుగున్నరయింది.
మూడో నంబరు చెరువులో ఏరేటర్లు తిరుగుతున్నాయి.
కళ్ళజోడు పుల్ల ఒకటి ఊడితే
వల దారంతో కట్టుకున్నాను.
బల్బు చుట్టూ ముసిరిన పురుగులు
నీ వాక్యం మీదా వాలుతున్నాయి,
ఊదుకుంటూ చదువుతున్నాను.

సంఘం వాళ్ళిచ్చిన కాగితంలో ఈ తేదీకి
ఆ కోనేటి సంగతి పడింది.
అయిదు మంటపాలు, వాటి నిండా రోగులు,
ముప్పై ఎనిమిదేళ్ళుగా లేవలేని ఒక మనిషి.
నీళ్ళు కదిలినప్పుడు ముందు దిగినవాడికే స్వస్థత.
అతన్ని దించేవాడు లేడు.

నవ్వొచ్చింది ప్రభువా, క్షమించు.
ఇక్కడ నీళ్ళు రాత్రంతా కదులుతాయి,
దూత రానక్కర్లేదు, కరెంటుంటే చాలు.
ఇందులో దిగి బాగుపడినవాణ్ణి మాత్రం
పద్దెనిమిదేళ్ళలో నేను చూళ్ళేదు.
నా కాలివేళ్ళ సందులు నీకు తెలుసు.
ఈ గట్టు కింద మా నాన్న కౌలుకి చేసిన స్వర్ణ మళ్ళుండేవి.
ఇప్పుడు మా పేటలో బావి కూడా ఉప్పెక్కింది,
టీ కాచాలన్నా మల్కిపురం డబ్బా నీళ్ళే.

సరే, ప్రార్థన.
చిన్నదాని నర్సింగు ఫీజు సంగతి మొన్న చెప్పాను.
మోకాలి సంగతి రోజూ చెప్తూనే ఉన్నాను.
రాజుగారి రొయ్యకి తెల్లమచ్చ రాకుండా...

ఇంతలో నాలుగో నంబరు కాపలా అప్పలకొండ వచ్చాడు,
ఫ్లాస్కు పట్టుకుని.
శ్రీకాకుళం నుంచి పొట్ట చేతబట్టుకొచ్చిన మనిషి.
వాళ్ళ అమ్మోరి కుంకం నుదుట చెరగనివ్వడు గానీ
తెల్లారగట్ల నా చదువు వినకపోతే
ఏదో మర్చిపోయినట్టుంటదంటాడు.
"ఈయేళేటి సదివినావు?"
చెప్పాను.
లేచి, పరుపెత్తుకుని నడిచి వెళ్ళిపోయాడన్నాను.
"ఆడొక్కడేనా?"
ఒక్కడే.
"మరి ఆ అయిదు సావిళ్ళలోటి ఓళ్ళో?
ఓళ్ళేటైపోనారు?"

కాగితం వెనక్కి తిప్పి చూశాను.
వెనక సంఘం ఫోను నంబరుంది.

అప్పుడే కరెంటు పోయింది.
ప్రభువా, ఎనిమిది మోటార్లు ఒక్కసారి ఆగితే
ఆ నిశ్శబ్దం చెవిలో రాయేసినట్టుంటుంది.
టార్చి వేస్తే నీటి మీద ఎర్రటి కళ్ళు,
గాలి కోసం పైకి తేలుతున్న రొయ్యలు,
వేలల్లో, అంచు పొడుగునా.
జనరేటరు హ్యాండిలు నా మోకాలికి లొంగలేదు.
రెండుసార్లు జారింది.
అప్పలకొండ తన చెరువు వైపు ఒకసారి చూశాడు,
అక్కడా కళ్ళే.
తువ్వాలు నడుముకి బిగించి
ముందు నాది తిప్పాడు.

నీళ్ళు కదిలాయి.

తర్వాత ఇద్దరం అతని గట్టు మీద పడి పరిగెత్తాం.
నేను కుంటుతూ, టార్చి పట్టుకుని.
అతని మిషను పట్టుకునేసరికి
ఓ మూల కొన్ని తెల్లగా తేలిపోయాయి.
లెక్క పొద్దున్న సూపర్‌వైజరు తేలుస్తాడు.
అతని జీతంలోంచి తేలుస్తాడు.
"పోన్లే" అన్నాడు, చేతులు తుడుచుకుంటూ.
టీ చల్లారిపోయింది, అయినా తాగాం.

ఇప్పుడు అయిదూ ఇరవై.
వశిష్ట మీంచి గాలి తిరిగింది,
కొంగలు గట్టు మీదికి దిగుతున్నాయి,
అవతల పేటలో ఎవరో మైకు సవరిస్తున్నారు.
నా ప్రార్థన సగంలోనే ఉంది.
ఫీజు, మోకాలు, తెల్లమచ్చ,
అవన్నీ రేపు చెప్పుకుంటాను.
ఈ పూటకి వాడడిగిందే అడుగుతాను తండ్రీ,
నాకు సొంతంగా తట్టని మాట:

ఆ మిగిలినవాళ్ళేమయ్యారు?
నువ్వు జనంలోంచి పక్కకి తప్పుకున్నాక
ఆ మంటపాల్లో రాత్రి ఎవరు దీపం పెట్టారు?
తన వంతు వదిలేసుకుని
పక్కవాణ్ణి ముందు దింపినవాడెవడైనా
అక్కడ ఉండే ఉంటాడు.
వాడి పేరు రాయించలేదేం?

జవాబు తొందరేం లేదు.
మేత బస్తాలు దించుకోవాలి.
ఆమెన్.