సొట్ట

ఓలోమౌత్స్‌లో నా కొట్టు ముందు ట్రామ్ పోయినప్పుడల్లా
అరల్లోని యుద్ధమంతా ఓసారి గలగలమంటుంది.
గురువారం ఆ ట్రామే దిగి,
వాన తుంపర్లు దులుపుకుంటూ లిబుషె వచ్చింది.
నలభై ఏళ్లు ఊరివాళ్లకి కట్టుడు పళ్లు చేసిన మనిషి.
మైనం, జిగురు, పింగాణీ ఎరిగిన వేళ్లు.
"టీ-యాభై అయిదు ట్యాంకు. ముప్పై అయిదో వంతు.
పెట్టె ఇంట్లో ఉంది.
పెట్టెలో లేనివి కావాలి."

పెట్టెలో లేనివే కదా నా బతుకు!
ట్యాంకు ఆకారం వరకే వాళ్లిస్తారు.
దాని బరువు, దాని పదును
వేరే పొట్లాల్లో, వేరే ధరల్లో
నా దగ్గరుంటాయి.

ముందుగా ఫిరంగి గొట్టం పెట్టాను,
లేత్ మీద తీసిన అల్యూమినియం.
పెట్టెలోది రెండు బద్దల ప్లాస్టిక్,
ఎంత అరగదీసినా అతుకు
అబద్ధంలా ఎక్కడో దొరికిపోతుంది.
ఆమె కళ్లు మూసుకుని
బొటనవేలి గోరుతో పొడుగునా గీసి చూసింది.
"ఇది ఉంచు."

తెల్ల అంకెల స్టిక్కర్లు?
"వద్దు."
అద్దాలకి అంటించే ఊదారంగు రేకు?
"వద్దు."
ఇత్తడి రేకులో చెక్కిన నూట పన్నెండు చిల్లర ముక్కలు,
గొళ్లేలు, పిడులు, చీమ తలంత మరలు.
(సగం ఎవరూ వాడరు, మిగతా సగం తివాచీ తింటుంది.)
వేళ్లాడించి, "ఇంజన్ జల్లెడ ఒక్కటి చాలు" అంది.

నాకు కొంచెం చిరాకేసింది.
ఇరవై ఆరేళ్లుగా కళ్లకి అమ్ముకుంటున్నవాణ్ణి.
ఈవిడ దేనికి కొంటోంది?

లోహపు గొలుసు పట్టాలు తీశాను.
పక్కకి తొంభై లంకెలు,
ఒక్కోదానికీ చిల్లి పొడిచి తీగ గుచ్చాలి,
మూడు సాయంత్రాలు పోతాయి.
దోసిట్లో పోసుకుంది. చల్లగా, చిల్లరలా జారాయి.
"వ్లాస్తిమిల్‌కి చప్పుడు తెలియాలి" అంది.

అప్పుడు బయటపడింది.
తమ్ముడు. డెబ్బై నాలుగులో ట్యాంకు డ్రైవరు.
షుగరు రెండేళ్ల కిందట రెండు కళ్లూ పట్టుకుపోయింది.
శిక్షణలో పాల కేంద్రం గోడని గుద్దితే
ఎడమ మడ్‌గార్డు సొట్టపోయింది.
నాలుగు రోజులు లాకప్.
భార్య పేరు కూడా అన్నిసార్లు తలవడు, ఆ సొట్టని తలిచినన్ని.

సొట్టని ఏ కంపెనీ అమ్మదు.
పొట్లాలన్నీ తిరగేసి, చివరికి
ఇత్తడి మడ్‌గార్డుల జత ఆమె ముందుకి తోశాను.
"కొవ్వొత్తి మీద నల్లబడేదాకా పట్టండి, మెత్తబడుతుంది.
ప్లాస్టిక్ విరుగుతుంది, రెసిన్ పగులుతుంది.
దెబ్బని దెబ్బలా పుచ్చుకునేది ఇత్తడి ఒక్కటే."
"పళ్ల కొక్కేలతో నేను చేసిందీ అదేగా" అని నవ్వింది.
రెండు వేల నూట నలభై క్రౌన్లు.
బేరమాడలేదు. నేనే నలభై వదిలేశాను.

అక్టోబరులో ఇద్దరూ వచ్చారు.
రంగు వేయలేదు!
బూడిద ప్లాస్టిక్, పసుపు రెసిన్, ఇత్తడి, వెండి,
బొంతలా ఉంది ట్యాంకు.
నా అద్దాల బీరువాలో అయితే దానికి చోటివ్వను.

వ్లాస్తిమిల్ దాన్ని గల్లా బల్ల మీద నడిపాడు.
గరగరమంది. చెవి వాల్చి విన్నాడు.
"కుడి పక్క వదులు. ఒక లంకె తీసేయాలి."
అక్క నావైపు చూసింది, చెప్పానా అన్నట్టు.

వేలు ముందుకి పాకింది.
గొట్టం. దీపం. మడ్‌గార్డు.
సొట్ట దగ్గర ఆగింది.
ఒక ట్రామ్ పోయింది, ఇంకోటి కూడా.

"ఇంత లేదు" అన్నాడు.
"నువ్వేగా, మోచేయి పట్టేంత అన్నావు?"
"అన్నాను.
యాభై ఏళ్లు చెప్పుకుంటూ పోతే పెరగదూ!"

బొటనవేలితో మెల్లగా నొక్కాడు,
ఊపిరి బిగబట్టి,
పాల కేంద్రం గోడ దాకా వెనక్కి నడుపుతున్నట్టు.
"ఆ. ఇదీ."
ఆమె వంగి చూసింది.
నేను కళ్లజోడు తుడుచుకుని చూశాను.
మా ఇద్దరికీ ఏ తేడా కనపడలేదు.

లంకె అక్కడే పటకారుతో తీసిచ్చాను.
మర్చిపోయి వెళ్లారు.
గల్లాపెట్టెలో ఉంది ఇప్పటికీ.
చీకటి పడ్డాక చిల్లర లెక్కపెడితే
ఎప్పుడూ ఒక నాణెం ఎక్కువ తేలుతుంది.