ఉప్పు లెక్క

కొర్లగుంటలో అంగడి మూసేస్తూ మస్తానన్న
అడుగున మిగిలినదాన్ని సంచిలో పోసి నా చేతికిచ్చాడు.
"బతికితే నీది, సస్తే నాది" అన్నాడు.
సుత్తి పగడం. పేరుకే.
నాలుగు తలల్లో మూడు తెల్లబారిపోయి
నాలుగోదాంట్లో ఎముక అంచుకి అతుక్కుని
ఎండిన చింతాకంత మాంసం.

నేను డయాలిసిస్ టెక్నీషియన్ని.
పొద్దస్తమానం ఉప్పు కొలవడమే పని.
కాల్షియం, సోడా, మెగ్నీషియం,
ఒకరి నెత్తుటికి ఎంత చాలో, ఎంత మించితే ముప్పో
నాకు తెలుసుననుకున్నాను.
అందుకే మొదటి రోజే మూడు మందులు పోశాను.
తెల్లారేసరికి తొట్టి నిండా బియ్యం కడిగిన నీళ్ళు,
రొయ్య ఒకటి వెల్లకిలా.
పగడం ఇంకాస్త లోపలికి పోయింది,
అప్పులవాడి గొంతు విని తలుపేసుకున్నట్టు.

ఏడో మంచం చెంగల్రాయులు గారిది.
ఘాట్ రోడ్డు మీద ముప్పై ఏళ్ళు బస్సు తోలిన మనిషి.
రోజుకి లీటరు నీళ్ళే ఆయనకి, మజ్జిగతో కలిపి.
"నిన్న ఎన్ని నీళ్ళు పోసినావమ్మా దానికి?"
"ఇరవై లీటర్లు మార్చాను సార్."
కళ్ళు మూసుకుని ఆ ఇరవైనీ
గుక్క గుక్కగా మింగుతాడు.
"తర్వాత?"

తర్వాత పెద్దగా ఏమీ లేదు.
దాన్ని రాతి నీడలోకి దించాను.
నీటి వేగం మొహాన కొట్టకుండా
మోటారును గోడవైపు తిప్పాను.
అయోడిన్ నీళ్ళలో ముంచి
గోధుమరంగు జిగురుని మెల్లగా వదిలించాను.
ఆపైన చేతులు కట్టుకున్నాను. అదే కష్టం.

మే నెల. కరకంబాడి రోడ్డు తారు
చెప్పులకి అంటుకునే ఎండ.
కరెంటు పోతే నిద్రలోనే తెలుస్తుంది నాకు.
మోటారు చప్పుడు ఆగడమే నా అలారం.
ఐసు సీసాలు తేలేసి, బ్యాటరీ పంపు పెట్టి
థర్మామీటరు ముందు కూర్చుంటే
కిటికీలో కొండ, దాని ఒంటిమీద దీపాల మెలికలు.
ఆ రాళ్ళలో అలల గీతలుంటాయి.
చిన్నప్పుడు మెట్లదారి పక్కన వేలు పెట్టి చూశాను.
అంత ఎత్తున అలకేం పనో
ఎవరూ చెప్పలేదు. నేనూ అడగలేదు.

చెంగల్రాయులు గారి కుడిచేతి వేలికి పగడపుటుంగరం.
కుజుడి కోసం, పెళ్ళికి ముందు ఎవరో పెట్టించింది.
"ఇది నీదానికి ఏమవుతాది?"
"దూరపు చుట్టం. ఇది చచ్చిపోయింది సార్."
"నా వేలికుండేంత వరకూ చావదులే."
సోమవారాలు ఆ ఉంగరం తిరగదు,
వాపులో కూరుకుపోయి ఉంటుంది.
బరువు చూడకముందే నాకు తెలిసిపోతుంది
ఆదివారం ఎవరింట్లోనో రసం బాగా కుదిరిందని.
"ఒక్క గరిటేనమ్మా" అంటాడు.
తిట్టను. మూడు మందులు పోసిన చెయ్యి నాది.

"పువ్వు ఎట్లుండాది?"
"పువ్వు కాదు సార్, జంతువు."
"అయితే మేలు. పువ్వయితే రాలిపోతాది.
జంతువు మొండికేస్తాది."

నలభై రోజులు మొండికేసింది.
రాత్రిళ్ళు సూది తీసేసిన సిరంజితో
నలిపిన పసిరొయ్యల నీళ్ళు దాని మీద వదిలేదాన్ని.
ముట్టేది కాదు.
ఒక రాత్రి ముట్టింది.
ఒకే ఒక్క వేలు, ఆకుపచ్చది, చివర సుత్తి కూడా రాలేదింకా.
తాకి, ఆలోచించి, ముడుచుకుంది.
అమ్మకి ఫోన్ చెయ్యబోయి
రెండున్నర అయిందని ఆగాను.

ఆ మూడు తలలూ ఇక రావు.
సున్నమే అవి. నాచు పట్టింది, నత్త తిరుగుతోంది.
నాలుగోదాని పక్కన మాత్రం
కొర్రగింజంత ఉబ్బు.

శుక్రవారం రెండో షిఫ్టు.
ఆయన ఎడమచేతిలో రెండు సూదులు. "కదపొద్దు" అన్నాను.
కుడిచేత్తో నా ఫోన్ తీసుకుని, కళ్ళజోడు లేకుండా,
ఫొటోని పెద్దది చేసి, ఇంకా పెద్దది చేసి
చివరికి ఆకుపచ్చ మరక తప్ప ఏమీ మిగలకుండా చేశాడు.
"ఇంతేనా?"
"ఇంతే సార్."
"ఇంతదానికి నలభై దినాలా!"
ఫోన్ తిరిగిచ్చేటప్పుడు
ఉంగరం ఆయన వేలి చుట్టూ సగం తిరిగింది.
ఇద్దరం చూశాం.
ఐదో మంచం మిషన్ కూసింది. వెళ్ళాను.